గెడ్డ మీది వంతెనకు వైర్‌లెస్ సెన్సర్లు: నిర్మాణాల ఆరోగ్యాన్ని కనిపెట్టే నెట్‌వర్క్‌ను అమర్చే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి బయలుదేరినా దారిలో ఒక వంతెన తప్పదు. వంశధార, నాగావళి, చంపావతి, సువర్ణముఖి, వాటిలో కలిసే లెక్కలేనన్ని గెడ్డలు ఇక్కడి రోడ్లను అడుగడుగునా కోస్తుంటాయి. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి కాబట్టి, ఇక్కడ చినుకు పడని రోజున కూడా అక్కడి వానకు ఇక్కడి పియర్ల (వంతెనను మోసే స్తంభాల) చుట్టూ నీరు సుడులు తిరుగుతుంది. దీనికి తోడు తీరం నుంచి వీచే ఉప్పుగాలి కాంక్రీటులోని ఇనుమును ఏళ్ల తరబడి నెమ్మదిగా తినేస్తుంది. వంతెనను ఏడాదికి ఒకటి రెండు సార్లు ఇంజనీరు వచ్చి చూసి వెళ్లడం అవసరమే. కానీ ఆ రెండు తనిఖీల మధ్య, ముఖ్యంగా వరద నిండుగా ఉండి ఎవరూ కిందికి దిగలేని రోజుల్లో, దాని పరిస్థితి ఏమిటో చెప్పేవారు ఉండరు. వైర్‌లెస్ సెన్సర్ల నెట్‌వర్క్ పూరించగల ఖాళీ అదే.

ఇంజనీరింగు కళాశాలల అధ్యాపకులను, చివరి ఏడాది విద్యార్థులను, రోడ్లు భవనాల శాఖలోనూ పంచాయతీరాజ్ శాఖలోనూ పనిచేసే యువ ఇంజనీర్లను దృష్టిలో ఉంచుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణను పట్టుకొని నడుస్తాను. గెడ్డ మీద మూడు స్పాన్ల (రెండు ఆధారాల మధ్య ఉండే భాగాల) ఆర్‌సీసీ వంతెన, ఒక్కొక్క స్పాన్ 20 మీటర్లు, స్పాన్‌కు మూడు టీ గర్డర్లు (టీ ఆకారపు దూలాలు), రెండు చివర్లా బేరింగుల (దూలం కదలడానికి వీలిచ్చే దిండ్ల) మీద ఊరకే ఆనుకొని ఉన్న కట్టడం. మన జిల్లాల్లో ఇలాంటివి కోకొల్లలు.

ముందుగా ప్రశ్నను తేల్చుకోవాలి

సెన్సర్లు కొనడంతో పని మొదలుపెట్టినవారు చాలావరకు డేటా గుట్టలతో మిగిలిపోతారు. వంతెనను గురించి మీకున్న అసలు భయం ఏమిటో ముందు ఒక వాక్యంలో రాసుకోండి. పునాది కింద ఇసుక కోసుకుపోతోందని అనుమానమా? గర్డరు గట్టిదనం తగ్గుతోందనా? బేరింగు బిగుసుకుపోయిందనా? ఇనుముకు తుప్పు పట్టిందనా? ఈ నాలుగు భయాలకూ నాలుగు వేర్వేరు కొలతలు కావాలి.

నిర్మాణ ఆరోగ్య పరిశీలనలో 1993లో రిట్టర్ చెప్పిన నాలుగు మెట్లను ఇప్పటికీ అందరూ వాడుతున్నారు: నష్టం ఉందా, ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఇంకా ఎంతకాలం నిలుస్తుంది. పది నోడ్‌ల (సెన్సరు, బ్యాటరీ, రేడియో ఉండే పెట్టెల) చిన్న నెట్‌వర్క్‌తో మొదటి మెట్టును నిక్కచ్చిగానూ, రెండవ మెట్టును కొంతవరకూ అందుకోవచ్చు. మూడు, నాలుగు మెట్ల గురించి హామీ ఇచ్చేవారిని నేను నమ్మను.

తుప్పు విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. కంపనాలను కొలిచే సెన్సరు తుప్పును చూడలేదు. చూసే నాటికి చాలా ఆలస్యమై ఉంటుంది. గర్డరు పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, హెర్ట్జ్‌లలో) దాని గట్టిదనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే స్పాన్ మొత్తం మీద గట్టిదనం 10 శాతం తగ్గితే పౌనఃపున్యం సుమారు 5 శాతమే తగ్గుతుంది. ఒకచోట పడిన బీటకైతే మార్పు ఒక శాతం కూడా ఉండకపోవచ్చు. తీరానికి దగ్గరగా, కళింగపట్నం వైపునో భావనపాడు వైపునో ఉన్న వంతెనకు తుప్పే మీ భయమైతే, హాఫ్ సెల్ పరీక్షతో ఇనుము విద్యుత్ పొటెన్షియల్‌ను కొలవడం మేలు. రాగి, రాగి సల్ఫేటు ఎలక్ట్రోడుతో చూసినప్పుడు రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే, అక్కడ తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతానికి మించి ఉంటుంది.

వంతెనను కాళ్లతో తెలుసుకోవడం

అనుమతి కాగితం లేకుండా ఒక్క మేకు కూడా దింపరాదు. వంతెన ఏ శాఖదో కనుక్కొని, ఆ శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. అందులో డ్రిల్లు లోతు, బిగించే చోట్లు, మొత్తం బరువు స్పష్టంగా రాయాలి. ఇనుము మీద ఉన్న కాంక్రీటు కవరును దాటి రంధ్రం పోదని హామీ ఇస్తే అనుమతి త్వరగా వస్తుంది.

తరువాత ఎండాకాలంలో, గెడ్డ ఎండి ఉన్నప్పుడు కిందికి దిగి ఒక పూర్తి రోజు గడపండి. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రచురించిన ఎస్‌పీ 35 మార్గదర్శకాల ప్రకారం బీటలు, తేమ మరకలు, బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు అన్నీ రాసుకొని ఫొటోలు తీసుకోండి. పాత వరద మట్టం గుర్తు పియర్ మీద ఎక్కడ ఉందో చూడండి, మీ పెట్టెలన్నీ దానికి పైనే ఉండాలి. చుట్టుపక్కల ఏమేమి నడుస్తాయో కూడా గమనించండి. ఒకచోట మా డేటాలో వారం పాటు, రోజూ తెల్లవారుజామున మొదలై ఎండెక్కే వేళకు ఆగిపోయే 25 హెర్ట్జ్ శిఖరం కనిపించింది. స్పాన్‌కు కొత్త జబ్బు చేసిందనుకొని కంగారుపడ్డాం. చివరికి అది అబట్‌మెంటు (వంతెన చివర ఆనుకునే గోడ) పక్కన, వరినాట్ల కోసం నీరు తోడుతున్న డీజిల్ ఇంజన్ అని తేలింది. నిమిషానికి 1,500 సార్లు తిరిగే ఇంజన్ సెకనుకు 25 సార్లు తిరుగుతుంది కదా.

ఊరివారితో మాట్లాడడం కూడా ఈ రోజు పనే. స్తంభాలకు పెట్టెలు, యాంటెన్నాలు కనిపిస్తే అవి ఏమిటోనన్న అనుమానం సహజం. సర్పంచికి, వంతెన కింద బట్టలు ఉతికేవారికి, పశువులు కాచేవారికి విషయం చెప్పి, పెట్టె మీద తెలుగులో రెండు ముక్కలు రాసి ఉంచితే, సోలార్ ప్యానెళ్లు మాయమయ్యే బెడద సగానికి సగం తగ్గుతుంది.

ఏ సెన్సరు, ఎంత సున్నితమైనది

మన స్పాన్ ఎంత వేగంగా ఊగుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. స్విట్జర్లాండులో 224 వంతెనలను పరీక్షించి కాంటియెని 1983లో ప్రకటించిన సూత్రం ప్రకారం, గరిష్ఠ స్పాన్ పొడవును మీటర్లలో తీసుకొని మైనస్ 0.933 ఘాతానికి హెచ్చించి, 95.4తో గుణిస్తే మొదటి పౌనఃపున్యం వస్తుంది. 20 మీటర్లకు అది సుమారు 5.8 హెర్ట్జ్. ఇది సగటు గీత మాత్రమే, మీ వంతెన కొంచెం అటూ ఇటూ ఉంటుంది. పై మోడ్‌లను (స్పాన్ ఇంకా వేగంగా ఊగే తీరులను) కూడా కలుపుకొని 40 హెర్ట్జ్ దాకా చూడాలనుకుంటే, సెకనుకు 100 శాంపిళ్లు సరిపోతాయి. శాంప్లింగుకు ముందు యాంటీ ఏలియాసింగ్ ఫిల్టరు తప్పనిసరి. లేకపోతే పై పౌనఃపున్యాలు కిందికి మడతపడి లేని శిఖరాలను చూపిస్తాయి.

యాక్సిలరోమీటరు (కంపనాలను కొలిచే సెన్సరు) ఎంపికలో చూడవలసిన మొదటి అంకె నాయిస్ సాంద్రత, అంటే సెన్సరు సొంత గోల ఎంతన్నది. విద్యార్థి ప్రాజెక్టుల్లో విరివిగా వాడే ఎంపీయూ 6050 చిప్‌కు అది వర్గమూల హెర్ట్జ్‌కు సుమారు 400 మైక్రో జి (జి అంటే భూమ్యాకర్షణ త్వరణం). ఏడీఎక్స్‌ఎల్ 355కు సుమారు 25 మైక్రో జి. 50 హెర్ట్జ్ వెడల్పు మీద లెక్కకడితే మొదటిదాని సొంత గోల 2.8 మిల్లీ జి, రెండవదానిది 0.18 మిల్లీ జి. లారీ పోయినప్పుడు రెండూ పనిచేసినట్టే కనిపిస్తాయి. రాత్రివేళ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్పాన్ కంపనం మిల్లీ జిలో చిన్న వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి, అప్పుడు మొదటి సెన్సరు తన గోలను తానే వింటూ కూర్చుంటుంది. డబ్బు ఆదా చేయాలంటే నోడ్‌ల సంఖ్య తగ్గించండి, సెన్సరు నాణ్యతను తగ్గించకండి.

పియర్లకు టిల్ట్ మీటరు (ఒరుగుడును కొలిచే సెన్సరు) పెట్టాలి. మన ప్రాంతానికి దీన్ని అన్నిటికంటే ముఖ్యమైన సెన్సరుగా నేను భావిస్తాను, ఎందుకంటే వంతెనలను పడగొట్టే కారణాల్లో పునాది కోతదే పెద్దపీట. 6 మీటర్ల ఎత్తున్న పియర్ 0.05 డిగ్రీ ఒరిగితే దాని తల 5 మిల్లీమీటర్లు పైగా జరుగుతుంది. మంచి మెమ్స్ (చిప్ రూపంలో ఉండే) టిల్ట్ మీటరు దీన్ని సునాయాసంగా పట్టుకుంటుంది, కంటికి మాత్రం ఎంతమాత్రం కనిపించదు.

బేరింగు దగ్గర స్థానభ్రంశాన్ని కొలిచే చిన్న పొటెన్షియోమీటరు కూడా పెట్టండి. దీని ధర తక్కువ, అది చెప్పే కథ పెద్దది. కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 10 మైక్రోమీటర్లు సాగుతుంది. 20 మీటర్ల గర్డరు, 20 డిగ్రీల తేడాకు 4 మిల్లీమీటర్లు కదలాలి. శీతాకాలపు తెల్లవారుజాము నుంచి మే నెల మధ్యాహ్నం దాకా చూసినా ఆ కదలిక కనిపించకపోతే బేరింగు బిగుసుకుపోయిందన్నమాట. సాగలేక గర్డరు నెట్టే బలం మొత్తం పియర్ తల మీద పడుతోందన్నమాట.

స్ట్రెయిన్‌ను (భారానికి కాంక్రీటు సాగే, కుదించుకునే వంతును) కొలవాలనుకుంటే, ఏళ్ల తరబడి నిలిచే పనికి అతికించే ఫాయిల్ గేజీల కంటే వైబ్రేటింగ్ వైర్ గేజీలు నమ్మదగినవి. వీటన్నిటితో పాటు కాంక్రీటు లోపలి ఉష్ణోగ్రతను కొలిచే రెండు మూడు సెన్సర్లు ఉండి తీరాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఎక్కడ బిగించాలి, ఎలా బిగించాలి

యాక్సిలరోమీటర్లను ఒక స్పాన్‌లో ఆరు చోట్ల పెట్టండి. రెండు అంచు గర్డర్ల అడుగున, పొడవులో పావు, సగం, ముప్పావు దూరాల్లో. నడిమధ్యన ఒక్కటే పెడితే సరిపోదా అన్నది అందరూ అడిగే ప్రశ్న. రెండవ వంపు మోడ్‌లో గర్డరు నడిమి బిందువు అసలు కదలదు, అక్కడి సెన్సరుకు ఆ మోడ్ ఉన్నట్టే తెలియదు. ఒకే అంచున పెడితే వంపుకు, మెలికకు తేడా తెలియదు. రెండు అంచులూ కలిసి పైకి కిందికి పోతే అది వంపు, ఒకటి పైకి మరొకటి కిందికి పోతే మెలిక. ఆరు యాక్సిలరోమీటర్లు, రెండు పియర్లకు రెండు టిల్ట్ మీటర్లు, బేరింగుల దగ్గర రెండు స్థానభ్రంశ సెన్సర్లు కలిపి పది నోడ్‌లు. ఉష్ణోగ్రత సెన్సర్లను వీటికే కలిపేయవచ్చు.

బిగింపు దగ్గరే చాలా ప్రాజెక్టులు కుంటుపడతాయి. చోటు ఎంచుకున్నాక చిన్న సుత్తితో కాంక్రీటును తట్టి చూడండి. ఖంగుమంటే మంచి కాంక్రీటు, డొల్ల చప్పుడు వస్తే లోపల పొర ఊడి ఉంది, పక్కకు జరగండి. పైన సిమెంటు పూత ఉంటే గ్రైండరుతో తీసేసి, గట్టి కాంక్రీటు కనిపించే దాకా గీకి, దుమ్ము ఊది, ఎపాక్సీతో 10 మిల్లీమీటర్ల మందపు ప్లేటును అతికించి, రెండు స్టెయిన్‌లెస్ యాంకర్ బోల్టులతో బిగించండి. తీరప్రాంతంలో 316 గ్రేడు స్టెయిన్‌లెస్ తప్ప మరొకటి వాడవద్దు.

మొదటిసారి మేము సులువుగా ఉంటుందని పల్చటి ఎల్ ఆకారపు బ్రాకెట్లకు సెన్సర్లను తగిలించాం. ఆరు నోడ్‌లలో నాలుగింటి డేటాలో 31 హెర్ట్జ్ దగ్గర ఎంతో అందమైన శిఖరం వచ్చింది. దాన్ని స్పాన్ మోడ్ అనుకొని ఒక నివేదిక కూడా రాసేశాం. తీరా బ్రాకెట్‌ను వేలితో మీటి చూస్తే అదే 31 హెర్ట్జ్. అప్పటి నుంచి బిగించిన ప్రతి నోడ్‌ను వేలితో మీటి, దాని సొంత మోత 100 హెర్ట్జ్‌కు పైన ఉందో లేదో చూసిన తరువాతే నిచ్చెన దిగడం అలవాటు చేసుకున్నాం. ఆ పరీక్ష కోసం మాత్రం నోడ్‌ను తాత్కాలికంగా సెకనుకు 500 శాంపిళ్లకు మార్చుకోవాలి.

పెట్టె ఐపీ 67 స్థాయిది కావాలి. కేబుళ్లు కిందివైపు నుంచే లోపలికి పోవాలి, పోయేముందు ఒక మెలిక కిందికి వేలాడాలి. అప్పుడు వాననీరు ఆ మెలిక దగ్గరే జారి పడుతుంది. పూర్తిగా మూసేసిన పెట్టెలో పగటి వేడికి, రాత్రి చలికి తేమ చేరుతుంది కాబట్టి, గాలిని రానిచ్చి నీటిని ఆపే వెంట్ ప్లగ్ ఒకటి, సిలికా జెల్ సంచి ఒకటి పెట్టండి. కందిరీగలు పెట్టె వెనుక ఖాళీల్లో గూళ్లు కడతాయి. మూడు నెలల తరువాత నిచ్చెన మీద ఉండగా ఆ సంగతి తెలుసుకోవడం అంత మంచిది కాదు.

రేడియో: ఎంత డేటా, ఎంత దారి

ఒక నోడ్ మూడు అక్షాల మీద సెకనుకు 100 శాంపిళ్లు, శాంపిల్‌కు 3 బైట్ల చొప్పున, పది నిమిషాలు నమోదు చేస్తే 5,40,000 బైట్లు. ఈ అంకెను ముందు పెట్టుకొని రేడియోను ఎంచుకోవాలి.

మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అమెరికా కోసం తయారైన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికినా, వాటిని ఇక్కడ వాడరాదు. 865 పట్టీలోని లోరా అనే తక్కువ శక్తి రేడియో చాలా దూరం పోతుంది. అయితే ఎక్కువ దూరానికి పెట్టే అమరికలో దాని వేగం సెకనుకు 250 బిట్లు మాత్రమే. పై డేటాను ఆ వేగంతో పంపడానికి ఒక్క నోడ్‌కే 4.8 గంటలు పడుతుంది. అతి వేగపు సాధారణ అమరికలో కూడా, మధ్యలో ఆగకుండా పంపినా, 13 నిమిషాలు దాటుతుంది. కాబట్టి గంటకొకసారి నాలుగు అంకెలు పంపే టిల్ట్, బేరింగు, ఉష్ణోగ్రత నోడ్‌లకు లోరా చక్కగా సరిపోతుంది. ముడి కంపనాలను పంపడానికి అది పనికిరాదు.

కంపనాల నోడ్‌లకు 2.4 గిగాహెర్ట్జ్ జిగ్‌బీ తరహా రేడియో మేలు. పేరుకు సెకనుకు 250 కిలోబిట్లు. చేతికి 100 కిలోబిట్లు అందినా ఒక నోడ్ డేటా 45 సెకన్లలోపే వచ్చేస్తుంది. నోడ్ నుంచి నోడ్‌కు అందించుకుంటూ పోయే పద్ధతిలో ప్రతి అంచెకూ వేగం పడిపోతుందని మరవరాదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 2006లో బర్కిలీ పరిశోధకులు 64 నోడ్‌లను పెట్టినప్పుడు డేటా 46 అంచెలు దాటి వచ్చింది, దాని వేగం సెకనుకు 441 బైట్లకు పడిపోయింది. మన 60 మీటర్ల వంతెనకు అంచెలే అక్కరలేదు, అబట్‌మెంటు దగ్గర, నోడ్‌ల డేటాను పోగుచేసి బయటికి పంపే ఒక గేట్‌వే చాలు.

యాంటెన్నాను గర్డరు అడుగుకు అంటించి పెట్టకండి. రేడియో తరంగం సన్నని దారంలా పోదు, మధ్యలో ఉబ్బిన దోసకాయలా చోటు కోరుకుంటుంది. 60 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ ఉబ్బు వ్యాసార్థం నడిమధ్యన సుమారు 1.4 మీటర్లు. అందులో సగానికి పైగా కాంక్రీటు అడ్డం వస్తే సంకేతం చిక్కిపోతుంది. ఎండాకాలంలో బాగా పనిచేసిన లింకు వరద వచ్చినప్పుడు తెగిపోవడానికి కూడా ఇదే కారణం. నీరు కింది నుంచి ఆ చోటును ఆక్రమిస్తుంది, పైగా నీటి మీద పడి తిరిగొచ్చిన తరంగం అసలు తరంగాన్ని దెబ్బతీస్తుంది. మనకు డేటా కావలసిందే వరద రోజున. అందుకని లింకుకు కనీసం 15 నుంచి 20 డెసిబెల్ల మిగులు ఉంచుకోండి.

గడియారాలను కలపడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం నేర్పిన అంశం ఇది, కొంచెం నిదానంగా చదవండి. కేబుల్ వ్యవస్థలో అన్ని సెన్సర్లూ ఒకే గడియారాన్ని చూస్తాయి. వైర్‌లెస్‌లో ప్రతి నోడ్‌కు సొంత గడియారం. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు అటూ ఇటూ తప్పుతుంది. పది నిమిషాల్లో ఇది 12 మిల్లీసెకన్లు. ఒక నోడ్ ముందుకు, మరొకటి వెనక్కు తప్పితే తేడా 24 మిల్లీసెకన్లు. మన 5.8 హెర్ట్జ్ ఊపుకు ఒక చుట్టు 172 మిల్లీసెకన్లు కాబట్టి, ఈ తేడా 50 డిగ్రీల ఫేజ్ పొరపాటు (ఒక చుట్టును 360 డిగ్రీలనుకుంటే ఊపులో ముందువెనుకల తేడా) అవుతుంది. కలిసి కదిలే రెండు అంచులు విడివిడిగా కదులుతున్నట్టు కనిపిస్తాయి, వంపు కాస్తా సగం మెలిక అయి కూర్చుంటుంది. ఎండ తగిలే వైపు నోడ్ స్ఫటికం నీడ వైపు నోడ్ స్ఫటికం కంటే వేరుగా తప్పుతుంది కాబట్టి, ఒకసారి సరిచేసి వదిలేయడం చాలదు.

మందు ఇది. గేట్‌వే నుంచి సమయ సంకేతాన్ని నమోదుకు ముందూ, నమోదు ముగిశాకా రెండుసార్లు పంపండి. నోడ్ ఆ సంకేతం అందిన క్షణాన్ని సాఫ్ట్‌వేరులో తీరిగ్గా గుర్తించడం వేరు, రేడియో చిప్ అంతరాయం వచ్చిన తక్షణమే ముద్ర వేయడం వేరు. రెండో పద్ధతినే వాడండి. రెండు సంకేతాల మధ్య ఆ నోడ్ గడియారం ఎంత జారిందో లెక్కగట్టి, శాంపిళ్లను సరైన కాలరేఖ మీదికి మళ్లీ సర్దండి. 2004లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఫ్లడింగ్ టైమ్ సింక్ పద్ధతితో అంచెకు కొన్ని మైక్రోసెకన్ల ఖచ్చితత్వం సాధ్యమైంది. మనకు అంత అక్కరలేదు. ఒక మిల్లీసెకను లోపల ఉంటే ఫేజ్ పొరపాటు 2 డిగ్రీల దగ్గర ఆగుతుంది. గర్డరు కింద ఆకాశం కనిపించదు కాబట్టి ప్రతి నోడ్‌కూ జీపీఎస్ పెట్టే ఆలోచన మానుకొని, గేట్‌వేకు ఒక్కదానికే పెట్టండి.

పరీక్ష సులువే. బిగించే ముందు ఆరు నోడ్‌లనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, పది నిమిషాల నమోదు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి బల్లను పిడికిలితో గుద్దండి. రెండు దెబ్బలూ ఆరు నోడ్‌లలోనూ ఒకే శాంపిల్ దగ్గర కనిపించాలి.

విద్యుత్తు లెక్క

రోజుకు నాలుగు నమోదులు అనుకుందాం. నమోదు సమయంలో నోడ్ 15 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 40 నిమిషాలకు 10 మిల్లీ ఆంపియర్ అవర్లు. పంపేటప్పుడు, మళ్లీ పంపవలసి వచ్చినవి కూడా కలిపి, 120 మిల్లీ ఆంపియర్ల చొప్పున 8 నిమిషాలకు 16. నిద్రలో ఒకటి కంటే కొంచెం ఎక్కువ. మొత్తం రోజుకు 27. వాడుకోదగిన సామర్థ్యం 2,400 మిల్లీ ఆంపియర్ అవర్లున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సూర్యుడు లేకుండానే 88 రోజులు నడుస్తుంది. ఒక వాటు సోలార్ ప్యానెల్ తగిలిస్తే ముసురు పట్టిన వారాల్లో కూడా ఇబ్బంది లేదు. సెల్‌ఫోన్లలో వాడే లిథియం అయాన్ కంటే ఈ రకం బ్యాటరీ మన వేడికి బాగా తట్టుకుంటుంది.

గేట్‌వే సంగతి వేరు. చిన్న కంప్యూటరు, 4జీ మోడెమ్ కలిసి 3 వాట్లు తీసుకుంటే రోజుకు 72 వాట్ అవర్లు. దీనికి 50 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ ప్రాంతానికి నేర్పిన పాఠం గుర్తుంచుకోవాలి. తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు ఉండదు, సెల్ టవర్లు మూగబోతాయి. కాబట్టి డేటాను గేట్‌వే తనలోనే కనీసం రెండు నెలలు దాచుకొని, నెట్‌వర్క్ వచ్చాక పంపేలా ప్రోగ్రాం రాయాలి. రోజుకు ఆరు నోడ్‌ల ముడి డేటా 13 మెగాబైట్లే కాబట్టి చిన్న మెమొరీ కార్డు చాలు. గాలి బలానికి ప్యానెల్ తెరచాపలా లేచిపోకుండా దాని ఫ్రేమును రెయిలింగుకు కాక అబట్‌మెంటు గోడకు కట్టండి.

ముడి డేటా నుంచి పౌనఃపున్యం దాకా

పది నిమిషాల నమోదును 4,096 శాంపిళ్ల ముక్కలుగా, సగం సగం ఒకదానిపై ఒకటి ఉండేలా కోస్తే 28 ముక్కలు వస్తాయి. వాటి స్పెక్ట్రాలను (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఊపు ఉందో చూపే గీతలను) సగటు చేస్తే 0.024 హెర్ట్జ్ మెట్లతో నునుపైన గీత వస్తుంది. మన మొదటి మోడ్‌లో ఒక శాతం మార్పు 0.058 హెర్ట్జ్ కాబట్టి అది కనిపిస్తుంది. ఆరు నోడ్‌లనూ కలిపి ఫ్రీక్వెన్సీ డొమైన్ డీకంపోజిషన్ పద్ధతిలో చూస్తే దగ్గరదగ్గరగా ఉన్న వంపు, మెలిక మోడ్‌లు విడిపోతాయి. పైథాన్‌లో ఇది వంద పంక్తులకు మించదు.

లారీ వంతెన మీద ఉన్న క్షణాల్లో దాని బరువు కూడా స్పాన్‌తో కలిసి ఊగుతుంది కాబట్టి పౌనఃపున్యం కొంచెం కిందికి జరుగుతుంది. బండి దాటిపోయాక మిగిలే తగ్గుతున్న ఊపే స్పాన్ సొంత గొంతు. అందుకే నాలుగు నమోదుల్లో ఒకటి రాత్రి రెండు మూడు గంటల మధ్య ఉండాలి.

ఒక ఏడాది ఓపిక

ఇప్పుడు ఉష్ణోగ్రత సంగతి. న్యూమెక్సికోలోని అలమోసా కాన్యన్ వంతెన మీద పరిశోధకులు 24 గంటలు కొలిచినప్పుడు, ఏ నష్టమూ లేకుండానే మొదటి పౌనఃపున్యం సుమారు 5 శాతం మారింది. ముందు చెప్పిన లెక్కలో గట్టిదనం 10 శాతం పోతే వచ్చే మార్పు కూడా అంతే. అంటే ఉష్ణోగ్రతను తీసివేయకుండా పౌనఃపున్యాన్ని చూసి హెచ్చరిక ఇచ్చే వ్యవస్థ ప్రతి వేసవికీ వంతెన కూలుతోందని అరుస్తుంది. రెండేళ్లలో దాని మాట వినేవారు ఉండరు.

అందుచేత మొదటి ఏడాది ఏ హెచ్చరికా వద్దు. ఎండలు, నైరుతి వానలు, అక్టోబరు తుపాన్లు, జనవరి చలి అన్నీ ఒక చుట్టు తిరగనివ్వండి. అప్పుడు ప్రతి మోడ్ పౌనఃపున్యాన్నీ కాంక్రీటు ఉష్ణోగ్రతతో జోడించి ఒక సరళరేఖను గీయండి. గాలి ఉష్ణోగ్రతను వాడకండి, కాంక్రీటు గంటల కొద్దీ ఆలస్యంగా వేడెక్కుతుంది. డెక్ (రోడ్డు పలక) పైభాగం, గర్డరు అడుగు, ఈ రెండింటి తేడాను రెండవ చలరాశిగా తీసుకుంటే రేఖ ఇంకా బాగా కుదురుతుంది. కొలిచిన విలువ నుంచి రేఖ చెప్పిన విలువను తీసివేయగా మిగిలినదే మీరు కాపలా కాయవలసిన అంకె.

ఇదే పద్ధతిని ఊళ్లోని ఓవర్‌హెడ్ వాటర్ ట్యాంకుకు వాడేవారు ఉష్ణోగ్రతతో పాటు నీటి మట్టాన్ని కూడా కొలవాలి. నిండినప్పుడు ఊగే బరువు ఖాళీగా ఉన్నప్పటి కంటే 1.7 రెట్లయితే పౌనఃపున్యం 23 శాతం పడిపోతుంది. మట్టం తెలియకపోతే రోజూ పొద్దున్నే మోటారు వేసినప్పుడల్లా ట్యాంకు జబ్బుపడి, సాయంత్రానికి కోలుకుంటున్నట్టు కనిపిస్తుంది.

హెచ్చరిక ఎప్పుడు, ఎవరికి

మిగులు విలువ దాని ప్రామాణిక విచలనానికి (అది మామూలుగా అటూ ఇటూ చెదిరే కొలతకు) మూడు రెట్లు దాటితే హెచ్చరిక అన్నది పుస్తకాల్లో ఉండే నియమం. రోజుకు నాలుగు చొప్పున ఏడాదికి 1,460 రీడింగులు. ఏ తప్పూ లేకపోయినా వాటిలో నాలుగు ఆ గీత దాటుతాయి. ఐదు మోడ్‌లను చూస్తే ఇరవై. కాబట్టి ఒక్క రీడింగుకు ఎవరినీ లేపకండి. వరుసగా మూడు రోజులు, కనీసం రెండు మోడ్‌లలో, పక్కపక్క నోడ్‌లు ఒకే మాట చెబితే, అప్పుడు సంబంధిత అసిస్టెంటు ఇంజనీరుకు సందేశం వెళ్లాలి.

టిల్ట్ మీటరుకు మాత్రం ఈ ఓపిక పనికిరాదు. వరద సమయంలో టిల్ట్ నోడ్‌లు గంటకొకసారి కాక ఐదు నిమిషాలకొకసారి మేలుకోవాలి. పియర్ ఒకే దిశగా ఒరుగుతూ వెనక్కి రాకుండా ఉంటే, ఆరు వరుస రీడింగులు, అంటే అరగంట, చాలు. ఆ సందేశం అందినవారు చేయవలసిన పని కూడా ముందే కాగితం మీద ఉండాలి: బండ్లను ఆపే అధికారం ఎవరిది, ఎవరి ఫోనుకు ముందు చేయాలి, మళ్లింపు దారి ఏది.

వరద తీసిన మరుసటి రోజు మీరు చేయవలసినవి మూడు. పియర్ టిల్ట్ వరదకు ముందున్న విలువకు తిరిగి వచ్చిందో లేదో చూడండి. ఆ రాత్రి నమోదును వరదకు ముందటి వారంలో అదే ఉష్ణోగ్రత దగ్గర తీసిన నమోదుతో పోల్చండి. ఆ తరువాత టేపు కట్టిన వెదురుగడతో కిందికి దిగి, పియర్ చుట్టూ ఇసుక మట్టం ఎంత తగ్గిందో స్వయంగా కొలిచి, ఆ అంకెను సెన్సరు రీడింగుల పక్కనే అదే రిజిస్టరులో తేదీతో రాయండి.